మట్టిపట్టీకి జానెడు కింద

బిత్తోర్ ఐస్పురువా పొద్దున్నే పేపరును వెనక నుంచి తెరుస్తాడు. వెనక నుంచి రెండో పేజీ చావు ప్రకటనలది. నల్లగీతల గళ్లు, గడి నెత్తిన శిలువ, శిలువ కింద పోయినవాడి పేరు, ఆ కింద ఏడ్చేవాళ్ల పేర్లు. ఎడంచేత్తో కాఫీ కలుపుకుంటూ, కుడిచేతి చూపుడువేలు ఆ గళ్ల మీదుగా దించుకుంటూ పోతాడు. వేలు అడుగుదాకా దిగి, లార్రన్యాగా అన్న పేరు ఎక్కడా తగలకపోతే గట్టిగా ఊపిరి వదులుతాడు. ఆ ఊపిరిలో సగం 'అమ్మయ్య', సగం 'అయ్యో'. ఆ రెండో సగం గుర్తొస్తే పేపరు గబుక్కున మడిచేస్తాడు.

"ఇవాళ కూడా పోలేదా మీ మాస్టారు?" అంది భార్య ఎదుర్నె. పేరుకు తగ్గ ఇల్లాలు. ఏమన్నా ఎదుర్నే నిలబడి అంటుంది.

"ఛ! అవేం మాటలే పొద్దున్నే!"

"నేనన్నది మాటే. నువ్వు వేలు పెట్టి మరీ వెతుకుతున్నావు. రెండేళ్లయింది ఈ వెతుకులాట. పాపం, ఆయనకేమో చచ్చే తీరికే దొరకట్లేదు."

బిత్తోర్ బిత్తరచూపులు చూశాడు. ఆ చూపులు అతనికి పుట్టుకతో వచ్చాయి. వయసు యాభై ఒకటి, విశ్వవిద్యాలయంలో శిలాజాల శాస్త్రం ఆచార్యుడు, బొజ్జ ముందు నడిస్తే మనిషి వెనక నడుస్తాడు. అయినా మాస్టారి ప్రస్తావన వస్తే పరీక్ష తప్పిన పిల్లాడైపోతాడు.

మాస్టారంటే దొన్ ఎవరిస్తో లార్రన్యాగా. పేరు ఎవరిస్తో అయినా, ఎవరేమిస్తే అది పుచ్చుకునే మనిషి కాదు. చూడనిదే నమ్మరు, తాకనిదే రాయరు. డెబ్బై నాలుగేళ్లు. వేలెడు వెడల్పు కనుబొమలు, నల్ల బెరే టోపీ, బొంగురు గొంతు. బిత్తోర్ పదిహేడేళ్లప్పుడు, తండ్రి అతన్ని ఉప్పుచేపల డబ్బాల ఫ్యాక్టరీలో పెట్టబోతుంటే ఆ మాస్టారే ఇంటికొచ్చి, "చేపల్ని డబ్బాలో పెట్టేవాళ్లు ఊరంతా ఉన్నారు. రాళ్లలోంచి తీసేవాడు నాకొకడు కావాలి" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. అప్పట్లో బిల్బావో పట్నంలో ఉన్న తన ఇంట్లోనే గదిచ్చారు. ఆయన భార్య మూడేళ్లు అన్నం పెట్టింది. అలాంటి మనిషి పోవడానికి బిత్తోర్ ఎదురుచూస్తున్నాడు. చావాలని కోరుకోవడం లేదు సుమండీ. ఎదురుచూస్తున్నాడంతే. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరముందో కొలవమంటే మాత్రం కొలబద్ద అతని దగ్గర లేదు.

ఇంతకీ ఎదురుచూపు ఎందుకంటే, ఒక రాయి కోసం.

జుమాయా అనే రేవూళ్లో, సముద్రపు గట్టున కొండచరియ పుస్తకాల అరలా ఉంటుంది. పొరపక్కన పొర, పక్కకొరిగి నిలబడ్డ పొరలు. ఒక్కో పొర ఒక్కో కాలపు సముద్రపు అడుగుమన్ను. వాటి మధ్యలో ఒకచోట వేలెడు మందాన నల్లటి మట్టిపట్టీ. ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది. పట్టీకి కిందివైపు ఒక లోకం, పైవైపు ఇంకో లోకం. పొరలు పక్కకొరిగినా సరే, ఈ వృత్తిలో పాతదాన్ని 'కింద' అనే అంటారు. పెద్దల్ని అడుగున పెట్టడం మర్యాదగా చలామణీ అయ్యేది ఇక్కడొక్కచోటే. ఆ కింది లోకంలో అమ్మోనైట్లుండేవి. చుట్టచుట్టుకున్న పొట్టేలుకొమ్ములాంటి గుల్లలో బతికిన సముద్రజీవులు. పట్టీ దాటాక ఒక్కటీ లేదు.

ఎలా పోయాయి? క్రమంగా పోయాయి అన్నారు మాస్టారు. నలభై ఏళ్లు ఈ చరియను సుత్తితో గీకి, ఏ పొరలో ఎన్ని దొరికాయో గుర్తుపెట్టి ఒక పటం గీశారు. కింద లావుగా మొదలై, పైకి పోనుపోను సన్నబడి, మట్టిపట్టీకి పన్నెండు మీటర్ల కిందే తోక ముగిసే పటం. అచ్చం తలకిందులుగా పెట్టిన ముల్లంగి. విభాగం గోడమీద ఈ ముల్లంగినే చూస్తూ రెండు తరాల విద్యార్థులు పాసయ్యారు.

తర్వాత అమెరికా నుంచి భౌతికశాస్త్రం వాళ్లొచ్చారు. మట్టిపట్టీలో ఇరిడియం ఉందన్నారు. అది భూమ్మీద అరుదు, ఆకాశం నుంచి పడే రాళ్లలో మెండు. కాబట్టి కొండంత ఉల్క పడింది, ఉన్నపళాన అన్నీ పోయాయి అన్నారు. అమ్మోనైట్లు 'అమ్మో' అనేలోపే నైటైపోయిందన్నమాట. ఉల్క పేరు వినగానే రాళ్లవాళ్లందరూ ఉలిక్కిపడ్డారు. మాస్టారు మాత్రం విరగబడి నవ్వారు.

"పడనివ్వండయ్యా, రాయే కదా! అది పడేనాటికి నావాటిని పాతిపెట్టి ఎంతో కాలమైంది. శవాన్ని గుద్దిన బండి మీద హత్యకేసు పెడతారా?"

సభల్లో ఆ మాటకి చప్పట్లు మోగేవి. క్రమవాదులు ఒకవైపు, మాస్టారి భాషలో అక్రమవాదులు ఇంకోవైపు. పన్నెండు మీటర్ల ఖాళీ ఉన్నంతకాలం మాస్టారిదే పైచెయ్యి.

ఆ ఖాళీలో రెండేళ్ల కిందట బిత్తోర్ కాలు పెట్టాడు. కాలు పెట్టింది విజ్ఞానం కోసం కాదు. సముద్రం బాగా వెనక్కి తీసిన సెప్టెంబరు ఆటులో విద్యార్థుల్ని తీసుకెళ్లి, మధ్యలో అవసరం ముంచుకొచ్చి, ఆడపిల్లల కంటపడకుండా ఒక బండ వెనక్కి పోయాడు. ఎప్పుడూ నీళ్లలో ఉండే బండ, నాచూ ఆల్చిప్పలూ అంటుకున్న బండ. పని కానిస్తూ ఎదురుగా చూశాడు. నల్లటి మట్టిపట్టీ. పట్టీకి జానెడు కింద, కడిగిన రాతిలోంచి, అరచేతంత అమ్మోనైట్ గుల్లమీది పక్కటెముకల్లాంటి మిట్టలన్నీ చూపిస్తూ అతన్నే చూస్తోంది.

ప్యాంటు సర్దుకోవడానికి కూడా చాలాసేపు పట్టింది.

పగలగొట్టి తెచ్చుకుంటే ఎవడూ నమ్మడు. రాతిలో ఉన్నచోట ఉండగా చూపిస్తేనే సాక్ష్యం. అందుకని మర్నాడు ఒంటరిగా వచ్చి, ఫొటోలు తీసి, కిటికీ అద్దాలకి పెట్టే పుట్టీలో బూడిదరంగు కలిపి దాని మీద మెత్తాడు, అలలు కొరక్కుండా. ఇంటికొచ్చి ఎదుర్నెకి చెప్పాడు.

"ఒక్కటి దొరికితే మీ మాస్టారి లెక్క తప్పుతుందా?" అంది ఆమె.

"మూలమీది సారాకొట్టు ముప్పయ్యో తారీఖున కాలిపోయిందనుకో. రోజూ తాగేవాడు ఇరవై తొమ్మిదిన కూడా కనబడి ఉంటాడు. నెలకోసారి వచ్చేవాడు ఏ పన్నెండునో కనబడి ఉంటాడు. అంతమాత్రాన వాడు పన్నెండునే చచ్చినట్టా? అరుదైనవాడు ఆఖరుసారి కనబడే రోజు ఎప్పుడూ ముందే ఉంటుంది. ముల్లంగి తోక అమ్మోనైట్లది కాదే, మా వెతుకులాటది. అందరూ ఒక్కసారే పోయినా మా పటంలో తోక వస్తుంది!"

"మరి పోయి చెప్పు."

"చెబుతా."

అప్పటికి మాస్టారి భార్య పోయి నెలయింది. దినాల ఇంట్లో ఎలా చెబుతాం? తర్వాత ఆయన పుస్తకం కొత్త ముద్రణ. పండగపూట ఎలా చెబుతాం? ఆ తర్వాత సముద్రానికి పోటొచ్చే రోజునే మాస్టారికి గుండెపోటొచ్చింది. ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టుకున్నవాడికి చెబుతామా? ఇలా ఒక్కో సాకూ ఒక్కో పొరలా పేరుకుంటూ పోయింది. ఆ పొరలన్నిటి అడుగునా ఉన్న శిలాజం ఏమిటో బిత్తోర్‌కి తెలుసు: మాస్టారు వెళ్లిపోయాక ప్రశాంతంగా అచ్చువేసుకోవచ్చు. వ్యాసం తయారుగా ఉంది. పై వరుసలో అంకితం కూడా ఉంది. 'నా గురువుగారి స్మృతికి' అని. బతికున్నవాడి స్మృతికి అంకితం రాసి సొరుగులో పెట్టినవాణ్ణి ఏమనాలో నిఘంటువులో అతను వెతకలేదు. ఉంటుందేమోనని భయం.

*

గురువారం మధ్యాహ్నం వంటసంఘంలో భోజనం. మగవాళ్లే వండుకుని, మగవాళ్లే తిని, మగవాళ్లే కడుక్కునే సంఘం. ఇంట్లో కప్పు కూడా కడగనివాళ్లు ఇక్కడ నేల తుడుస్తారు. ఆ వారం వంతు బిత్తోర్‌ది. హేక్ చేప గొంతుకింది మెత్తకండలు, వెల్లుల్లి, ఆలివు నూనె. గరిట పెట్టకూడదు. మట్టిచట్టిని రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ ఉంటే చేపలోని జిగురు నూనెలో దిగి తెల్లగా చిక్కబడాలి.

"తిప్పు, తిప్పు!" మాస్టారు బల్ల దగ్గర్నుంచి అరిచారు. "తొందరపడితే విరుగుతుంది. ఏదైనా క్రమంగా జరగాలి."

"ఉల్క పడిందనుకోండి మాస్టారూ, చట్టితో సహా ఒకేసారి ఉడికిపోతుంది," అన్నాడు చోమిన్. ఊళ్లో హార్డ్‌వేర్ షాపు అతనిది, నోరు దానికన్నా గట్టి సరుకు.

"నీ నెత్తిన పడితే ఉల్కకే నష్టం రా."

బల్లంతా నవ్వింది. బిత్తోర్ చట్టి తిప్పుతూనే ఉన్నాడు, తల ఎత్తలేదు. కొన్నాళ్లుగా ఆ బల్ల దగ్గర అతనికి ఒక సంగతి అర్థమవుతోంది: మాస్టారు తన కళ్లలోకి చూడటం లేదు. మాట్లాడుతూనే ఉంటారు, చూపు మాత్రం చెవి మీదుగా ఎటో పోతుంది. తెలిసిపోయింది, అనుకున్నాడు బిత్తోర్. ఎవరో చెప్పేశారు, పుట్టీ ఊడిపోయింది, ఎవడో చూశాడు. నా మొహం చూడ్డానికే ఆయనకి రోత పుడుతోంది. నిజమే, అద్దంలో నాకే పుడుతోంది.

భోజనాలయ్యాక ముస్ ఆట వేశారు. ముస్ పేకాటలో దొంగసైగలు దొంగతనం కాదు, నియమం. జతగాడికి పెదవి కొరికి చూపిస్తే రెండు రాజులున్నట్టు, కన్నుకొడితే ముక్కల మొత్తం ముప్పై ఒకటి, అంటే మంచి చెయ్యి పడినట్టు. ఎదుటివాళ్లు చూడకుండా జతగాడు చూడాలి. బిత్తోర్, మాస్టారు ఇరవై ఏళ్ల జత. ఎదురు జత చోమిన్, సంఘంలో ఇంకో సభ్యుడు కేపా.

బిత్తోర్ చేతిలో ముప్పై ఒకటి పడింది. కన్నుకొట్టాడు. మాస్టారు కదల్లేదు. మళ్లీ కొట్టాడు. ఆయన తలను పక్కకి వంచి, పక్షిలా ఒరగా చూసి, "పాస్," అన్నారు.

"బిత్తోర్, కన్ను ఎవరికి కొడుతున్నావురా?" అన్నాడు చోమిన్. "నాకైతే చెప్పు, మా ఆవిణ్ణి అడిగొస్తా."

"కంట్లో నలక," అన్నాడు బిత్తోర్ చెమటలు తుడుచుకుంటూ.

"రెండేళ్లుగా ఉందా నలక? మీ జత ఈ మధ్య గెలిచిన పాపాన పోలేదు!"

రెండేళ్లు అన్న మాటకి బిత్తోర్ చేతిలో ముక్కలు కిందపడ్డాయి. మాస్టారు వంగి వాటిని ఏరబోయారు. చెయ్యి ముక్క మీదికి కాక దాని పక్కకి దిగింది. నేలమీద తడిమింది. మళ్లీ పక్కకి దిగింది. నలభై ఏళ్లు గోరంత గుల్లని రాతిలో పట్టుకున్న చెయ్యది.

నవ్వుతున్న బల్లలో బిత్తోర్ ఒక్కడే నవ్వలేదు.

*

రేవు పక్కనుంచి మాస్టారిని ఇంటికి దిగబెడుతూ అడిగాడు. "కళ్లకేమైంది మాస్టారూ?"

"ఏమీ కాలేదు. తెరిచే ఉన్నాయిగా!"

"మాస్టారూ."

ఆయన రేవుగట్టు గోడకి ఆనుకున్నారు. "శుక్లమైతే కోసి తీసేవాళ్లు. ఇది కంటి వెనకపొర జబ్బు. నడిమధ్య నుంచి తినుకుంటూ వస్తోందిట. బతుకంతా పొరలు చదివినవాడి కంటికి పొరతోనే దెబ్బకొట్టాడు పైవాడు, వాడికి హాస్యం ఎక్కువ. చుట్టుపక్కలంతా కనబడుతుంది బిత్తోర్. పడవలు కనబడుతున్నాయి, నీ బొజ్జ కనబడుతోంది. దేన్నైతే తిన్నగా చూస్తానో అది కనబడదు. మొహాలన్నీ బూడిద ముద్దలు."

"అందుకా నన్ను చూడనిది?"

"నిన్ను చూడాలంటే నీ చెవిని చూడాలి. అప్పుడు కొసన కొంచెం దొరుకుతావు. ఎందుకు, నువ్వేమనుకున్నావు?"

బిత్తోర్ మాట మార్చాడు. "ఎన్నాళ్లయింది?"

"పోయిన ఏడు ఈపాటికి ఇంకా చదివేవాణ్ణి. అంతకు ముందేడు సూదిలో దారం ఎక్కించేవాణ్ణి, ఆవిడ పోయాక బొత్తాలు కుట్టుకునేది నేనే కదా."

అంతకు ముందేడు. ఆ రెండు ముక్కలూ బిత్తోర్ నెత్తిన పడ్డాయి. ఉల్క కొండంతే ఉండనక్కర్లేదు. తాను వెనక పేజీలో చావు కోసం చూస్తున్నాడు. చావు రాలేదు గానీ, దాని చెల్లెలు ఎప్పుడో ఇంట్లో దూరి దీపాలార్పడం మొదలుపెట్టింది.

"మాస్టారూ, మట్టిపట్టీకి జానెడు కింద ఒక అమ్మోనైట్ ఉంది," అన్నాడు ఒక్క గుక్కలో.

మాస్టారి కనుబొమలు లేచాయి. "ఎప్పుడు దొరికింది?"

"సెప్టెంబర్లో."

"అంటే నెలన్నర. మంచిది, రేపే..."

"ఈ సెప్టెంబరు కాదు మాస్టారూ. పోయినదీ కాదు. దానికి ముందుది."

ఒక పడవవాడు గట్టుమీదికి తాడు విసిరాడు. మాస్టారు ఆ తాడు పడ్డ వైపు తిరిగారు.

"రెండేళ్లు దేనికి ఆగావు?"

బిత్తోర్ దగ్గర సాకుల పొరలన్నీ ఉన్నాయి. అవి వదిలేసి రేవులో పడవలు లెక్కపెట్టాడు.

"ఓహో," అన్నారు మాస్టారు. "నేను పోయేదాకానా?"

"అలా కాదు..."

"మరెలా?"

ఆయన చేతికర్ర తడుముకుని తీసుకుని, బిత్తోర్ భుజం పట్టుకోకుండా, గోడ వెంట చెయ్యి రాస్తూ వెళ్లిపోయారు. రెండుసార్లు గోడ అయిపోయిన చోట తడబడ్డారు. వెనక నడిచే ధైర్యం బిత్తోర్‌కి లేదు. ముందుకు పోయే అర్హతా లేదు.

తర్వాతి గురువారం మాస్టారు సంఘానికి రాలేదు. ఫోను ఎత్తలేదు. బిత్తోర్ పేపరు చూడటం మానేశాడు. ఎదుర్నె పొద్దున పేపరు తెచ్చి ముందు పడేస్తే, బల్లకింద పెట్టి కాలితో తొక్కిపట్టాడు.

"ఇప్పుడేడిస్తే ఏం లాభం?" అంది. కాసేపాగి, కాఫీలో చక్కెర తనే వేసి కలిపి ఇచ్చింది.

*

అమావాస్య తర్వాతి ఆటుకి సముద్రం మళ్లీ బాగా వెనక్కి తీసింది. పుట్టీ మీద ఇంకో పూత పెడదామని బిత్తోర్ చరియ దగ్గరికి పోతే, మెట్ల పైన బెరే టోపీ కనబడింది. మాస్టారు. ఒకచేత కర్ర, ఒకచేత సుత్తి.

"ఆలస్యం," అన్నారు ఆయన. "ఆటు నీ కోసం ఆగదు. దానికి నీకున్నంత ఓపిక లేదు."

బిత్తోర్ చెయ్యి చాపాడు. ఈసారి పట్టుకున్నారు, చాలా గట్టిగా. నాచుమీద ఒక్కో అడుగూ వేస్తూ బండ వెనక్కి చేరడానికి చాలా సేపు పట్టింది. బిత్తోర్ కత్తితో పుట్టీ గీకేశాడు. పక్కటెముకలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఉప్పునీళ్లు పోసి కడిగి, "ఇదిగో మాస్టారూ," అని వేలు పెట్టి చూపించాడు.

మాస్టారు తిన్నగా చూశారు. తల ఎడమకి వంచారు, కుడికి వంచారు. మోకాళ్ల మీద కూర్చున్నారు. ముక్కు రాతికి తగిలేంత దగ్గరికి వెళ్లారు. మళ్లీ వెనక్కి వచ్చారు.

"నాచు కనబడుతోంది," అన్నారు. "నీ బూటు కనబడుతోంది. ఆ పైన ఎగిరే పిట్ట కూడా. నీ వేలు దేన్ని చూపిస్తోందో అది కనబడట్లేదు."

బిత్తోర్ చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడవకు. ఏడుపు నాకు బాగానే వినబడుతుంది. ఈ బండే చరియ పైనుంచి జారి పడిందేమో?"

ఒక్క క్షణం పట్టింది బిత్తోర్‌కి, ఇది పరీక్ష అని తెలియడానికి. ముక్కు చీదుకున్నాడు. "లేదు మాస్టారూ. ఇటు పొరా అటు పొరా కలుస్తున్నాయి."

"నువ్వు చెబితే సరిపోదు." మాస్టారు రెండు అరచేతులూ రాతికి ఆనించి, బండ ఈ కొస నుంచి ఆ కొసదాకా గోళ్లతో ప్రతి సందూ తడిమారు. "ఊఁ. పాత పొరలోంచి కొట్టుకొచ్చి ఇక్కడ మళ్లీ పూడిందేమో? మన వాళ్లు మొదట అనేది అదే. నేనైనా అదే అంటాను."

"అలా అయితే అంచులు అరగాలి. లోపలి మన్ను వేరేగా ఉండాలి."

మాస్టారు బొటనవేలితో ఒక్కో పక్కటెముకనీ లెక్కపెట్టినట్టు తాకారు. అంచుల దగ్గర ఆగారు. తర్వాత గుల్ల నోటి దగ్గర గోటితో చిటికెడు గీకి నోట్లో వేసుకుని ముందుపళ్ల మధ్య కొరికారు. బయటి రాయి చిటికెడు గీకి దాన్నీ కొరికారు. మన్ను నున్ననో గరుకో రాళ్లవాళ్లు అలాగే తేలుస్తారు.

"కళ్లు పోయినా పళ్లున్నాయి," అన్నారు ఉమ్మేసి. "ఒకటే మన్ను. పట్టీ ఎక్కడ? నా చెయ్యి పెట్టు."

బిత్తోర్ ఆయన చిటికెనవేలిని మట్టిపట్టీ మీద ఆనించాడు. తడిసిన సబ్బులా జారింది. మాస్టారు చెయ్యి చాచి, వేళ్లు విడదీసి, బొటనవేలిని కిందికి దించారు. అది గుల్లకి తగిలింది.

"జానెడే?"

"జానెడు కూడా లేదు మాస్టారూ. మీ జాన పెద్దది."

ఆయన చేతిని అలాగే ఉంచేశారు. దూరంగా అల విరిగిన చప్పుడయింది.

"నలభై ఏళ్లలో మనం ఇక్కడ వెతికామా?"

"లేదు."

"ఎందుకు వెతకలేదు?"

"లేవని మీరు చెప్పారు."

"నేనెందుకు చెప్పాను?"

"ఎవరికీ దొరకలేదని."

మాస్టారు కుప్పలా బండకి ఆనుకుని కూర్చున్నారు. నవ్వుతారేమో అనుకున్నాడు బిత్తోర్. నవ్వలేదు.

"నా పటం తప్పయితే అయింది. రోజూ ఎవడో ఒకడి పటం తప్పవుతుంది. నువ్వు ఆ సెప్టెంబర్లో ఇక్కడికి ఈడ్చుకొచ్చి చూపిస్తే నీ మీద అరిచేవాణ్ణి. మూడు నెలలు మాట్లాడేవాణ్ణి కాదు. ఆ తర్వాత నా సుత్తి తీసుకొచ్చి ఈ పన్నెండు మీటర్లూ నీకంటే ముందు నేనే తవ్వేవాణ్ణి. అప్పటికి నాకు కళ్లున్నాయి రా! నువ్వు జాలిపడ్డావు. వాదంలో ఓడితే చస్తాననుకున్నావు. ఉల్క పడి పోయినా మర్యాదగా ఉండేది. నన్ను రెండేళ్లపాటు కొంచెం కొంచెంగా, క్రమంగా పూడ్చావు."

"క్షమించండి మాస్టారూ."

"ఎలా క్షమిస్తాను? ఆ రెండేళ్లూ పట్టుకొచ్చి ఇవ్వు, క్షమిస్తాను."

నీళ్లు మడమలదాకా వచ్చాయి. బిత్తోర్ ఆయన్ని లేపి, నడుం చుట్టూ చెయ్యివేసి నడిపించాడు. మెట్ల దగ్గర మాస్టారు ఆగారు.

"వ్యాసం రాసే ఉంటావుగా?"

"రాశాను."

"అంకితం?"

బిత్తోర్ మెట్లు చూశాడు. ఆ మౌనాన్ని మాస్టారు చక్కగా చదివారు, దానికి కళ్లతో పనిలేదు.

"అది కొట్టెయ్. మిగతాది ఇవాళే పంపు. ఒక్కటి చాలదు. పన్నెండు మీటర్లూ తవ్వించు. నేను దానికి జవాబు రాస్తాను. బతికున్నంతకాలం రాస్తాను. కాకపోతే చేత్తో రాయలేను కదా! నేను చెబుతాను, నువ్వు రాస్తావు."

"మీరు నన్ను తిడుతుంటే నేను రాయాలా?"

"దస్తూరీ బాగుంటుంది నీది," అన్నారు మాస్టారు.

*

చలికాలమంతా విద్యార్థులు ఆ పన్నెండు మీటర్లూ గాలించారు. వసంతానికి ఇంకొన్ని దొరికాయి, అక్కడొకటి ఇక్కడొకటి, పట్టీ అంచుదాకా. ఇంకో తీరాన డచ్చివాళ్లకీ అలాగే దొరికాయని కబురొచ్చింది. విభాగం గోడమీది ముల్లంగిని దించేశారు. కొత్త పటం పైకొసను కత్తితో నరికిన చెరకుగడలా ఉంది. నిన్నటిదాకా ఉల్కంటే నవ్వినవాళ్లు, తాము ఎప్పుడూ నవ్వలేదని చెప్పుకోవడం మొదలుపెట్టారు. అది మాత్రం క్రమంగానే జరిగింది.

మాస్టారు అన్ని గురువారాలూ సంఘానికొచ్చారు. భోజనమయ్యాక ముక్కలు పంచే బల్లమీద బిత్తోర్ కాగితాలు పరిచేవాడు. చోమిన్ కుర్చీ జరుపుకుని పక్కనే చేరేవాడు. "తిట్లు తింటూ, ఆ తిట్లే అందంగా రాసుకునేవాణ్ణి నిన్నే చూశా. ఇంత బాగా మా ఆవిడ కూడా తిట్టదు."

"నువ్వు నోరు మూస్తే కామా ఎక్కడ పెట్టాలో వినబడుతుంది," అనేవారు మాస్టారు.

జవాబులో ఆయన అమ్మోనైట్లని వదులుకున్నారు. పెద్ద పళ్లేల్లాంటి ఆల్చిప్పల సంగతి మాత్రం వదల్లేదు. అవి పట్టీకి ఎంతో ముందే పోయాయి, ఆ బాకీ ఉల్క ఖాతాలో రాయడానికి వీల్లేదు అన్నారు. ఆ మాట నిజమేనని రాస్తూ రాస్తూ బిత్తోర్‌కే అనిపించింది. తన వ్యాసంలో తను తొందరపడి ఊడ్చేసిన చోటది. ఆ పేజీని ఒక్క కొట్టివేత లేకుండా రాశాడు.

ఒక గురువారం మాస్టారి జవాబు చివరి పేజీకొచ్చింది.

"'ఈ శిలాజాన్ని నేను రాతిలో ఉన్నచోటనే చేత్తో తాకి, కొలిచి, ఒప్పుకున్నాను.' రాశావా?"

"రాశాను."

"'సకాలంలో చూపించి ఉంటే, కళ్లతో చూసి ఒప్పుకునేవాణ్ణి.'"

కలం ఆగింది. వంటింట్లో కేపా పళ్లేలు కడుగుతున్న చప్పుడు వినబడుతోంది. చోమిన్ ఏదో అనబోయి, మొదటిసారిగా, మానుకున్నాడు.

"మాస్టారూ, ఇది అచ్చులోకి వెళ్తుంది."

"అచ్చులోకే. రాయి."

రాశాడు.

"చదువు."

బిత్తోర్ చదివాడు. 'సకాలంలో' దగ్గర గొంతు కిందికి పోయింది, మిగతా వాక్యం కాగితానికి తప్ప ఎవరికీ వినబడలేదు.

మాస్టారు అతని చెవి వైపు తల తిప్పారు, అతన్ని చూడ్డానికి. "ఇంకోసారి."

కేపా కుళాయి కట్టేశాడు. బిత్తోర్ కాగితం రెండు చేతులా పట్టుకుని, గట్టిగా, చివరి మాటదాకా చదివాడు.

"బాగుంది," అన్నారు మాస్టారు. "తర్వాతి పేరా."